మూడో వరుస

సుకన్యది ఎడమచేతి వాటం. నంద్యాలలో చిన్నప్పుడు ఎడమ చేత్తో అన్నం కలిపితే వాళ్లమ్మ గరిటె తిరగేసి వేళ్ల మీద కొట్టింది. ఎడమ చేత్తో పలక మీద రాస్తే బళ్లో అయ్యవారు కొట్టారు. కొట్టినవాళ్లందరిదీ కుడిచేతి వాటమే కాబట్టి వాళ్లకు అందులో కష్టమేమీ కనిపించలేదు. ఆరేళ్లు నిండేసరికి అన్నమూ అక్షరమూ కుడిచేతికి మారాయి. సూది మాత్రం మారలేదు. ఆడపిల్ల మూల కూచుని బొంత కుట్టుకుంటుంటే ఏ చేత్తో కుడుతోందో ఎవరు చూస్తారు?

పెళ్లయి ఆళ్లగడ్డ వచ్చింది. మామ పుల్లయ్య పేరున్న శిల్పి. భర్త చక్రపాణి ఆయన దగ్గరే పని నేర్చాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఊరి లోపల ఇల్లు. మోకాళ్లు అరిగిపోయాక పుల్లయ్య షెడ్డుకు పోవడం మానేశాడు, పెత్తనం మాత్రం మానలేదు. వసారాలో మంచం మీద నుంచే అన్నీ నడిపిస్తాడు.

మూడేళ్ల కిందట చక్రపాణి కుడిచేతి వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కడం మొదలైంది. ఏళ్ల తరబడి రాయి కోసే మిషన్ పట్టిన చెయ్యి అది. సుత్తి పట్టుకుంటే అరగంటకల్లా జారిపోయేది. ఆ అరగంటనూ దేవుడి ముఖానికీ చేతులకూ దాచుకునేవాడు. వీపూ పీఠమూ మిగిలిపోయేవి. ఒకరోజు క్యారియర్ తెచ్చిన సుకన్య ఆ సుత్తి ఎడమ చేత్తో అందుకుంది.

"నేను కొడతా. ఎట్ల కొట్టాల్నో నువ్వు చెప్పు."

చక్రపాణి రోడ్డు వైపు ఒకసారి చూసి టార్పాలిన్ దించాడు. ఆ టార్పాలిన్ మళ్లీ పైకి లేవలేదు.

ఆ ఇంట్లో ఆడమనిషి ఉలి ముట్టడమన్నది ఏ తరంలోనూ లేదు. తెలిస్తే విగ్రహాలు చేయించుకునేవాళ్లు తిరిగి చూడరని చక్రపాణి భయం. అందుకని ఆమె పదకొండింటికి క్యారియర్ పట్టుకుని పోవడం, నాలుగింటికి ఖాళీ క్యారియర్‌తో రావడం. మొగుడికి దగ్గరుండి తినిపించే ఇల్లాలని వీధిలో మంచి పేరు కూడా వచ్చింది. లోపలేమో వేడి రేకుల కింద, రాతి దుమ్ములో ఉడికిపోయేది. బయట మనుషుల మాట వినబడితే సుత్తి ఆపి ఊపిరి బిగబట్టి కూచునేది. "వీపు కూడా ఎంత బాగ జేసినావప్పా చక్రపాణీ" అని ఎవరన్నా మెచ్చుకుంటే ఆమెకు సంతోషమయ్యేది, ఒళ్లు మండేది. రెండూ మింగి ఇంటికొచ్చి సంగటి కెలికేది.

పోనీ బొంత ఒకటుంది కదా అనుకునేది. అది ఆమె సొంతం. ఒకసారి పాత ఉలులను తడిగుడ్డలో చుట్టి మరిచిపోయింది. రెండ్రోజులకు విప్పితే గుడ్డ మీద తుప్పు రంగులో ఉలుల రూపాలు దిగి ఉన్నాయి. ఇంకొకరైతే గుడ్డ పాడైందని ఏడ్చేవాళ్లు. ఈమె చింతపండు నీళ్లలో తడిపి మరీ ఇంకో గుడ్డ చుట్టింది. గంజిలో రాతిపొడి కలిపి పూసింది. ఎండాక అది పెళ్లలు పెళ్లలుగా రాలింది. గంజి చిక్కబెట్టి, పలచగా పూస్తే నిలిచింది. రాళ్లకు చుట్టిన గోనెపట్టాలు కత్తిరించి బొంత మీద అతికించింది. తేనెమైనంలో దీపం మసి కలిపి ముద్ద చేసి, చెక్కిన రాతి మీద గుడ్డ పరిచి రుద్దితే, ఉలి పడిన ప్రతి గాటూ గుడ్డ మీదికి ఎక్కింది. ఆ రోజు ఆ ధ్యాసలో ఆమె పొయ్యి మీది పాలు పొంగించుకుంది.

నంద్యాల కాలేజీలో బట్టల మీద అద్దకాలు నేర్పే విష్ణుప్రియ ఒక పని మీద ఇంటికి వచ్చి, తీగ మీద ఆరేసిన బొంత చూసి నిలబడిపోయింది. ఆమెది అహోబిలం.

"అక్కా, నంద్యాలలో ప్రదర్శన పెడతాండాం. ఒక పెద్దది కుట్టియ్యి. పక్కన నీ పేరు రాసి గోడకు తగిలిస్తాం. వచ్చే సోమవారం పొద్దున వ్యాన్ తెస్తా."

తన పేరు గోడ మీద. సుకన్యకు ఆ మాట చెవిలోంచి పోలేదు.

మామవి, మొగుడివి పాత తెల్ల పంచెలు తీసింది. మూడు వరుసలు అనుకుంది. మొదటిది మామ పని, పెరట్లో పడి ఉన్న బీటుబారిన విగ్రహం మీద. రెండోది చక్రపాణి కొత్తల్లో చేసి అమ్ముడుపోనిది. మూడోది గడివేముల దగ్గరి పల్లె గుడి కోసం ఇప్పుడే పూర్తయిన అమ్మవారు. బొంత మీద మనుషులు పడుకుంటారు, కాళ్లు పెడతారు. దేవుడి ముఖం దాని మీద పడకూడదు. అందుకని మూడింటికీ వీపుల మీదే గుడ్డ పరిచి రుద్దింది. భక్తితోనే ఆ పని చేసింది. ఆ భక్తే కొంప ముంచింది.

ఆదివారం మధ్యాహ్నం కుట్టు ముగించి పెరట్లో తీగ మీద వేసి, దూరం నుంచి చూసింది. పై రెండు వరుసల్లో ఉలి గాట్లన్నీ ఒక వైపుకు వాలి ఉన్నాయి. మూడో వరుసలో ఎదురు దిక్కుకు వాలి ఉన్నాయి, గాలి తిరిగాక పడిన వాన లాగ. అది ఎడమ చేతి పని అని గుడ్డే చెబుతోంది.

చక్రపాణి కూడా వచ్చి చూశాడు. అరవలేదు. గొంతు తగ్గించి అన్నాడు.

"పని తెలిసినోడు ఒక్కడు దీన్ని చూస్తే చాలు. అమ్మవారు వెనక్కొస్తాది. ఇంగ మనకు పనిచ్చేదెవరు?"

"ఆ వరుస తీసేస్తే ఇంగ దీంట్లో నాదేముంటాది?"

చక్రపాణి చచ్చుబడిన వేళ్లు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏందది? ఇట్ల తీస్కరా." వసారాలోంచి పుల్లయ్య పిలిచాడు.

సుకన్య బొంతను మంచం మీద పరిచింది. ముసలాయన వేలితో మొదటి వరుస తడిమాడు, తనదే. రెండోది కొడుకుది. మూడో వరుస మీద వేలు ఆగింది.

"ఇది ఎవరి చెయ్యి?"

చక్రపాణి గోడ వైపు చూశాడు. ఎవరో కూలీదని చెప్పొచ్చు. ఆ మాట సుకన్య నోటి దాకా వచ్చింది కూడా. మూడేళ్లుగా టార్పాలిన్ వెనక బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది సుకన్య.

"నాది మామా."

"ఎన్నాళ్లాయె?"

"మూడేండ్లు."

"ఎన్ని జేసినావు?"

"పదకొండు."

పుల్లయ్య మళ్లీ గాట్లు తడిమాడు. "చెయ్యి తిరిగింది. వీని కంటే లోతు బాగ తెలుసు నీకు."

ఆ ఇంట్లో ఆమె పనికి వచ్చిన మొదటి మెప్పు అది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపు టార్పాలిన్ ఎత్తేయమంటాడేమో, బొంత ఇట్లాగే పోనిమ్మంటాడేమో అని పిచ్చి ఆశ పుట్టింది. ఒక్క క్షణం పాటు నిజంగానే నమ్మింది.

"పని ఆపొద్దు," అన్నాడు పుల్లయ్య. "రేపట్నుంచి సుత్తి కుడి చేత్తో పట్టు. అంతా ఒక్క చెయ్యి మాదిరే ఉండాల. ఈ మూడో వరుస మీద గుడ్డ ఏసి కుట్టి పంపు. పిలిచినోళ్లకు లేదనకూడదు."

ఆమె కదల్లేదు. ఆయనే పాత పంచె ముక్క చించి చేతికిచ్చాడు. సూదిలో దారం ఎక్కించి, అలవాటుగా ఎడమ చేత్తో మొదటి పోటు వేయబోయింది.

"ఆ చేత్తో కాదమ్మా. అలవాటు కావాల గదా." కోపంగా కూడా అనలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

సుకన్య సూదిని కుడిచేతికి మార్చుకుంది. పొద్దున వ్యాన్ వస్తుంది. నంద్యాలలో గోడ మీద మామ పని, మొగుడి పని వేలాడతాయి, పక్కన చీటీ మీద తన పేరు ఉంటుంది. కుట్టు వంకర పోయింది. విప్పి, కుడి చేత్తోనే మళ్లీ కుట్టింది.