మూడు గంటల అప్పగింత

వెల్డా డిట్మర్ ఒహాయో నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, వృద్ధాశ్రమంలో పదహారేళ్ళుగా ఆయా. వయసు యాభై ఒకటి. ఎంత బరువైన ముసలాయన్నైనా మంచం మీంచి కుర్చీలోకి నొప్పి తెలియకుండా దించగలదు. అలాంటి మనిషి పెన్సిల్ చూస్తే వణికేది.

వణుకుకి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు, దరఖాస్తులో "హైస్కూలు పూర్తయిందా?" అన్నచోట అయిందని టిక్కు పెట్టింది. కాలేదు. తల్లి మంచాన పడితే పదిహేనో ఏటే బడి మానేసింది. ఆ టిక్కు సంగతి ఆశ్రమమూ మరిచిపోయింది, ఆవిడా మరిచిపోయింది. తొంభై మూడులో ఆశ్రమం చేతులు మారింది. కొత్త మేనేజరు మిస్ హాల్వర్సన్, ముప్పై దాటని పిల్ల, గోడకి నోటీసు అంటించింది. జూన్ ఒకటికల్లా అందరూ హైస్కూలు సర్టిఫికెట్టు చూపించాలి, లేనివాళ్ళకి పని లేదు. వెల్డాకి దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎవరితో చెప్పుకుంటుంది?

పెద్దవాళ్ళు హైస్కూలుకి బదులు రాసే పరీక్ష ఒకటుంది. దానికి లైబ్రరీలో సాయంత్రం క్లాసులకి గుట్టుగా వెళ్ళింది. లెక్కలు గట్టెక్కాయి, సైన్సు గట్టెక్కింది. ఇంగ్లీషు మాత్రం రెండుసార్లు తప్పింది. ఒకే సంగతిని ఐదు రకాలుగా రాసి, వీటిలో బాగా అర్థమయ్యే వాక్యం ఏదో గుర్తుపట్టమంటారు. అక్కడే ఆవిడ బోల్తా పడేది.

"వెల్డా గారూ, ఎప్పుడు చూసినా అన్నిటికన్నా పొడుగుదే పెడతారేంటండీ?" అన్నాడు పాఠం చెప్పే ప్రూయిట్ మాస్టారు.

"చదువుకున్నవాళ్ళు అలాగే రాస్తారు కదండీ."

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆసుపత్రి ఉత్తరాలు, కోర్టు కాగితాలు, గోడమీది నోటీసు అన్నీ అలాగే ఉండేవి. తనకి సులువుగా అర్థమైందంటే అది తనలాంటివాళ్ళని పట్టడానికి పెట్టిన బోను అని ఆవిడ నమ్మకం. ఇంతకన్నా అన్యాయమైన నమ్మకం ఉంటుందా?

అదెంత అన్యాయమో తెలియాలంటే మధ్యాహ్నం మూడింటికి ఆవిణ్ణి చూడాలి. షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి తాము చూసుకునే ముసలివాళ్ళని వరండాలో నిలబడి అప్పగించడం అక్కడి పద్ధతి. వెల్డా తర్వాత వచ్చేది బెర్నీస్. ఓపిక తక్కువ మనిషి.

"సుత్తి వద్దే," అనేది, సంచి భుజాన ఉండగానే. "ఎవరు, ఏమైంది, నేనేం చెయ్యాలి. మూడే ముక్కలు."

"ఓర్కట్ గారు పొద్దున్నుంచీ ఏం తినలేదు, సూపు తాగించు. హైన్స్ గారికి ఎడమ మోకాలు వాచింది, నడిపించకు."

ఇలా పదకొండు మందినీ అప్పగించేది. మిగతావాళ్ళ అప్పగింతలో మాటిమాటికీ "ఏంటీ?" అనే బెర్నీస్, వెల్డా దగ్గర ఒక్కసారి కూడా అనలేదు.

మూడోసారి పరీక్ష మే నెలలో ఒక శనివారం, చర్చి కింద హాల్లో. ఇది తప్పితే మళ్ళీ ఆర్నెల్లదాకా కూర్చోనివ్వరు. పంతొమ్మిదో ప్రశ్న వెల్డాకి తేలక, తర్వాత చూద్దామని వదిలేసింది. నలభై ఒకటోది చదివి, జవాబు కాగితం మీద గడి నింపబోయి ఆగింది. ఎదురుగా ఖాళీగా ఉన్నది నలభయ్యో వరస. వదిలేసిన ప్రశ్నకి వరస వదల్లేదు. అక్కణ్ణుంచి ప్రతి జవాబూ ఒక మెట్టు పైన కూర్చుంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఇరవై ఒక్క గడులు చెరిపి, మళ్ళీ నింపింది. రబ్బరుకి కాగితం నూగు లేచింది, చిరుగుతుందేమోనని మెల్లిగా రుద్దింది. తల ఎత్తేసరికి తొమ్మిది నిమిషాలున్నాయి, పదహారు ప్రశ్నలున్నాయి. పొడుగు వాక్యాల ముందు చేతులు కట్టుకుని నిలబడే తీరిక లేదు. ఆ భయంలో ఆవిడకి కనిపించింది బెర్నీస్, భుజాన సంచితో. ప్రతి వాక్యాన్నీ ఆమెకి అప్పగించింది. ఏది వింటే "ఏంటీ?" అనదో అది పెట్టింది. ఎక్కువగా పొట్టివే వచ్చాయి. రెండుచోట్ల పొడుగుదే సరిగ్గా అనిపించింది, అదే పెట్టింది. ఆఖరి గడి నింపుతుండగా గంట కొట్టారు.

మే ఆఖరి శనివారం కవరు వచ్చింది. పాసైంది. కాఫీ నీళ్ళు మరిగేంతసేపు సంతోషించింది. అప్పుడు సర్టిఫికెట్టు అడుగున తేదీ చూసింది. మే, 1993. పదహారేళ్ళ కిందటే పూర్తయిందని రాసిన చదువుకి ఈ నెల తేదీ. చూపించకపోతే పని పోతుంది, చూపిస్తే అబద్ధం బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాసింది: "అనివార్య పరిస్థితుల దృష్ట్యా గతంలో సమర్పించబడిన దరఖాస్తునందు కొన్ని వివరములు వాస్తవమునకు భిన్నముగా నమోదగుట జరిగినందున..." పైకి చదువుకుంది. ఏంటీ? అంది మనసులోని బెర్నీస్. చింపేసింది. "ఒక పొరపాటు జరిగింది" అని రాసింది. ఎవరు చేశారు? చింపేసింది. తల్లి జబ్బుతో మొదలుపెట్టింది. అది సరేనే, అసలు సంగతి చెప్పు. అదీ చింపేసింది. చివరికి కాగితం మీద మిగిలింది ఇదీ: "నేను హైస్కూలు పూర్తి చెయ్యలేదు. ఈ ఉద్యోగం కోసం పూర్తయిందని అబద్ధం రాశాను. ఇప్పుడు పూర్తి చేశాను."

జూన్ ఒకటిన, మూడు కావస్తుండగా, సర్టిఫికెట్టుతో పాటు దాన్నీ మేనేజరు ముందు పెట్టింది. మిస్ హాల్వర్సన్ చదివింది. తేదీ చూసింది. మళ్ళీ చదివింది.

"ఇది మీరే రాశారా?"

"అవునండీ."

"పైవాళ్ళకి పంపక తప్పదు. మిమ్మల్ని పనిలో ఉంచమనే నేను రాస్తాను. వాళ్ళేమంటారో మాత్రం చెప్పలేను." ఆ పిల్ల గడియారం చూసింది. "మూడవుతోంది. మీవాళ్ళని అప్పగించాలిగా, వెళ్ళండి."

వరండాలో బెర్నీస్ ఎదురుచూస్తోంది.

"ఏంటే ఆ మొహం? సరే, కానీ."

వెల్డా పదకొండు మందినీ అప్పగించింది. ఆగింది.

"ఇంకొకరున్నారు. వెల్డా డిట్మర్ బడి చదువు పూర్తయిందని పదహారేళ్ళ కిందట అబద్ధం రాసింది. ఇవాళ ఒప్పేసుకుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. చాలా భయంగా ఉంది."

బెర్నీస్ భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టింది.

"నేనేం చెయ్యాలి?" అంది.

"కాసేపు ఇక్కడే నిలబడు."