పడగ లేని పాము

ఒక్క పాము కూడా లేని దేశంలో నాగుల చవితి చెయ్యడమంటేనే నాకు తల ప్రాణం తోకకొస్తుంది. మేముండే ఈ రోటోటూనాలో పుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఏటా కుండీల మట్టి కొనుక్కొచ్చి, బట్టలారేసుకునే తీగ కింద మా అత్తగారు పుట్ట చేస్తారు. పెట్టడానికి మట్టిపాము కావాలి. ఈసారి అది నేను చేస్తానంది నా కూతురు. పన్నెండేళ్ళొచ్చాయి, పూజ అంటే గదిలోంచి బయటికి రాని పిల్ల. నేను పొంగిపోయాను, ఏ పాము అని అడగకుండా.

తెచ్చింది చూస్తే మిల్క్ స్నేక్. అమెరికా పాము, స్కూల్లో దాని గురించే ప్రాజెక్టు చేసింది. ఎర్ర పట్టీలు, వాటికి రెండు పక్కలా నల్ల అంచులు, మధ్యలో తెలుపు. నున్నటి చిన్న తల.

"పడగేదే?" అన్నారు అత్తగారు.

"దీనికి ఉండదు నానమ్మా. విషం కూడా లేదు. భయమేస్తే ఎండుటాకుల్లో తోక టకటకా ఆడిస్తుంది, అంతే."

"పడగ లేనిదానికి పూజేమిటి? నలుగురూ నవ్విపోతారు. నువ్వైనా చెప్పవేం?" అని నా మీదకొచ్చారు. అటు పిల్లేమో, "మమ్మీ, యూ టెల్ హర్!" ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. మధ్యలో నేనెందుకో నాకే అర్థం కాదు.

పిల్ల మొహం ముడుచుకుని పాముని చేతిలోకి తీసుకుంది. ఇప్పుడు గదిలోకి వెళ్ళిపోయిందంటే ఇక ఏ పూజకీ రాదు.

"అసలు దానికి ఆ పేరెందుకే?" అన్నాను, ఏదో ఒకటి అడిగి ఆపాలని.

"ఎలకల కోసం ఆవుల కొట్టాల్లోకి వెళ్ళేది. ఆవుల దగ్గర పాలు తాగేస్తోందని ఫార్మర్స్ చంపేసేవాళ్ళు. ఇట్ నెవర్ డిడ్. పాములు మిల్క్ తాగవు."

అత్తగారు పిల్ల చేతిలోంచి పాముని తీసుకుని పుట్ట మీద పెట్టి, పసుపూ కుంకుమా చల్లారు. పాల గ్లాసు నా చేతిలో పెట్టి కసిరారు.

"ఇది లోపల పెట్టు. చెయ్యని తప్పుకి చచ్చినదానికి మళ్ళీ పాలే పోస్తావా?"

ఆ పాలు తెచ్చింది ఆవిడే. గ్లాసు లోపల పెట్టి వచ్చాను. నా కూతురు అప్పటికే చెప్పులు విప్పి, నానమ్మ పక్కన చేతులు జోడించి నించుంది.