శాలువాల కింద మిగిలిపోయిన పాఠం

తొంభై ఎనిమిది వేసవిలో, ఎడారిలో అణుబాంబు పేల్చారన్న వార్తకు మా వీధిలో పంచిన మైసూరుపాకుతో వర్తూరు చెరువు పూడ్చేయవచ్చు. ముట్టనిది మా బావ ఒక్కడే. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆయన పాత శిష్యుడొకడు బాంబులు తయారుచేసే చోట చేరాడు. సెలవుకు వచ్చాడు, ఆదివారం సాయంత్రం రైలుకు పోతాడు.

"వానికి అణువు పగలగొట్టేది నేర్పించినా. మొదటి బాంబు చేసినోళ్లకు అది ఊళ్లనేం చేస్తాదో తెలుసు, తెలిసే చేసినారు అని మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలా. వాడు పోయేలోపల చెప్పాల."

"ఇంటికి పిలిచి చెప్పరాదా బావా?"

"ఇంటికొస్తే కాళ్లకు మొక్కి, కాఫీ తాగి పోతాడప్పా. క్లాసులో చెప్పనిది క్లాసు మాదిరే చెప్పాల."

సరేనని ఆ ఆదివారం మధ్యాహ్నమే మా తెలుగు సంఘంలో ఉపన్యాసం పెట్టించాను. శిష్యుడు ముందు వరుసలోనే కూర్చున్నాడు. కానీ మా సంఘం ఆచారం ఒకటుంది: సన్మానం ముందు, మాట తర్వాత. బావ నెత్తిన గోపురమంత మైసూరు పేటా, అదే జరీ తలపాగా, పెట్టారు. శాలువా మీద శాలువా కప్పారు. ఆ వారం బళేపేట బట్టల అంగళ్లలో శాలువాలకు కరువొచ్చి ఉంటుంది. చివరికి బావ ముక్కొక్కటే బయట మిగిలింది.

"మన బాంబు వెనక ఈ మాస్టారే ఉండారు!" అన్నాడు అధ్యక్షుడు మైకులో.

"నేను బాంబు చేయలేదప్పా!"

"చూసినారా! రహస్యం కదా, ఎట్ల చెప్తారు!"

బావ ఎంత కాదంటే అన్ని చప్పట్లు. అధ్యక్షుడికి గడియారం చూపించి చూపించి నా మణికట్టు అరిగిపోయింది.

"ఆయన్ని మాట్లాడనివ్వండి సార్!"

"స్వల్ప తాళప్పా, కొంచెం ఆగు, ఇంకా పండ్లబుట్ట ఉండాది."

ఆ బుట్ట బావ ఒళ్లోకి వచ్చేసరికి శిష్యుడు వేదికెక్కి వంగి కాళ్లకు మొక్కాడు.

"కూర్చోరా, నీకు చెప్పేది ఉండాది."

"ట్రైన్‌కి టైమైంది సార్. ఇదంతా మీ చలవే."

వెళ్లిపోయాడు. మైకు అప్పుడిచ్చారు. బావ ఖాళీ కుర్చీని చూసి, మైకు తిరిగి ఇచ్చేశాడు. దానికీ చప్పట్లే!

ఆటోలో నేను సంఘాన్ని సర్జాపుర దాకా వినబడేలా తిట్టాను. శాలువాల గుట్ట అవతల నుంచి బావ అడిగాడు:

"నా చలవే అన్నాడు, విన్నావా?"

"విన్నాను."

"అట్లయితే సంఘమోళ్లు పేటా పెట్టింది సరైన తలకే," అన్నాడు. ఇల్లు చేరేదాకా దాన్ని తియ్యలేదు.