డ్రైవర్ డోరు మీది సొట్ట

గాలి సోకడం, ఆత్మలు తిరగడం లాంటి మాటలు నేనెప్పుడూ నమ్మలేదు. జనగామలో లారీలకు టింకరింగ్ పని చేస్తాను. తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతకడం, సొట్టలు తీయడం నా పని. ప్రమాదాల్లో మనుషులు పోయిన లారీలు ఎన్నో నా షెడ్డుకు వచ్చాయి. వాటి క్యాబిన్లలోనే మధ్యాహ్నం కునుకు తీసేవాణ్ణి. ఏనాడూ ఏమీ కాలేదు.

రెండేళ్ల కిందట, ఎండాకాలం చివర్లో, నర్సింహులపేట దగ్గరి ఒక తండా నుంచి ఆకుపచ్చ లారీ వచ్చింది. యజమాని హర్యా నాకు పాత పరిచయం. భూపాలపల్లి నుంచి బొగ్గు, మహబూబాబాద్ నుంచి మిర్చి బస్తాలు వేసుకుని తన లారీ తానే నడుపుకునేవాడు. అంతకు ముందటి వానాకాలంలో పక్షవాతం వచ్చి అతని కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. లారీ తండా పక్కనే వానకూ ఎండకూ నిలబడి తుప్పు పట్టింది.

దాన్ని నా దగ్గరికి తెచ్చింది అతని భార్య ద్వాళి, ఆమె తమ్ముడు.

"అమ్ముతున్నమన్నా," అంది ద్వాళి. "ఆయనకు చెప్పలే. చెప్తె మనసు ఇరిగిపోతది. జర కొత్తదాని లెక్క చెయ్యి."

నాకు మనసొప్పలేదు కానీ, పని పనే. గ్రైండరుతో తుప్పంతా గీకాను. క్యాబిన్లో కాళ్ల కింది రేకు చేత్తో నొక్కితేనే పొడిగా రాలింది. దాన్ని కోసేసి కొత్తది వెల్డింగ్ చేశాను. డ్రైవర్ వైపు డోరు మీద, అద్దం కింద, అరచేయి వెడల్పు సొట్ట ఉంది. అదెలా వచ్చిందో హర్యాను ఎరిగినవాళ్లందరికీ తెలుసు. బండి కదిలించే ముందు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఎద్దు వీపు చరిచినట్టు డోరును ఒక్కటి చరిచేవాడు. ఏళ్ల తరబడి చరిచి చరిచి రేకు లోపలికి పోయింది.

లోపలి నుంచి సుత్తితో కొట్టి దాన్ని సాపు చేశాను. పైన పుట్టీ పెట్టి, రుద్ది, ప్రైమర్ కొట్టాను.

మర్నాడు పొద్దున టీ తాగి వచ్చేసరికి సొట్ట మళ్లీ ఉంది. పుట్టీ పెచ్చులుగా రాలి కింద పడింది. నేను కంగారు పడలేదు. సాగిన రేకు మళ్లీ లోపలికి పోవడం మా పనిలో మామూలే. గ్యాస్ మంటతో కాల్చి, తడిగుడ్డ అద్ది రేకును బిగించాను.

పని ఒకరోజు ఆలస్యమవుతుందని ఆ సాయంత్రం ద్వాళికి ఫోన్ చేశాను. ఆమె గొంతు నిండా సంతోషం.

"అన్నా, ఇయ్యాల ఆయన చెయ్యి కదిలింది! పొద్దున మంచం పట్టెను గట్టిగ కొట్టిండు."

మంచి మాట చెప్పావన్నాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు?

మర్నాడు బజారుకు వెళ్లొచ్చేసరికి మళ్లీ సొట్ట. ఈసారి చిరాకేసింది. ఆ భాగం మొత్తం కోసి పారేసి కొత్త రేకు ముక్క అతికాను. కొత్త రేకు సాగి ఉండదు. దాని మీద హర్యా చెయ్యి ఒక్కసారి కూడా పడలేదు.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం లారీకి పది అడుగుల దూరంలో కూర్చుని అన్నం డబ్బా విప్పాను. షెడ్డులో నేనొక్కణ్ణే. ఠప్పుమని చప్పుడైంది. తలెత్తి చూస్తే డోరు ఇంకా సన్నగా అదురుతోంది. కొత్త రేకు మీద, అదే చోట, సొట్ట.

ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లాను. లారీ చుట్టూ తిరిగాను, వంగి కింద చూశాను. ఎవరూ లేరు. భయం వేసిందా అంటే, వేయలేదు. తెలిసిన మనిషెవరో వచ్చి పలకరించినట్టు అనిపించింది. చెయ్యి కడుక్కుని ద్వాళికి ఫోన్ చేశాను. సొట్ట సంగతి ఎత్తకుండా, "హర్యా ఎట్లున్నడు చెల్లె?" అని మాత్రం అడిగాను.

"గిప్పుడే మల్ల కొట్టిండన్నా. మంచం పట్టెనే. నిన్న గూడ కొట్టిండు."

అప్పుడు మొత్తం చెప్పాను. "రేపొస్తనన్నా," అని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. సొట్ట మీద చెయ్యి పెట్టి, తండా భాషలో తనలో తానే ఏదో అనుకుంది. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"లారీ అమ్మనన్నా. తమ్ముడు నడుపుతడు. గిది గిట్లనే ఉండనియ్యి."

కొంటామన్నవాళ్లకు అక్కడి నుంచే ఫోన్ చేసి లేదని చెప్పేసింది. నేను పుట్టీ పెట్టకుండా సొట్ట మీదే రంగు కొట్టి పంపాను. మళ్లీ ఏ చప్పుడూ కాలేదు.

చలికాలంలో హర్యా వచ్చాడు. కర్ర పట్టుకుని, కాలీడుస్తూ, కానీ నడిచే వచ్చాడు. అతుకులు వేలితో తడిమి చూసి, "మంచిగ చేసినవన్నా," అన్నాడు. బావమరిది పట్టుకుంటే డ్రైవర్ సీటెక్కాడు. డోరు సంగతి ద్వాళి అప్పటికే చెప్పిందట. ఆ మూడు రోజులూ నీకేమనిపించిందని అడిగాను.

"నాకేం యాదికి లేదన్నా. చెయ్యి కదిలిందని గూడ అది చెప్తెనే ఎరుకైంది."

ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి కిటికీ బయట పెట్టాడు. డోరును తట్టాడు. చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. తన చేతిని తానే చూసుకుని నవ్వాడు.

"గంత జోరు నా చెయ్యికేడిదన్నా?"

అతనన్నది నిజమే. ఆ రేకు మందం నాకు తెలుసు. అంత లోపలికి పోవాలంటే సుత్తి దెబ్బ పడాలి. ఆ దెబ్బ ఎవరు వేశారో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పూట మాత్రం అతనితో పాటు నేనూ నవ్వాను.