తలుపు వెయ్యడానికి ఇంగ్లీషు

తాడిపత్రిలో నేను రోజూ సాయంత్రం పోయే ఇంటర్నెట్ సెంటరులో కీబోర్డుల మీద ఊళ్లోని బండల పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము తెల్లగా పేరుకుని ఉండేది. చేతిరుమాలుతో తుడుచుకుని కూర్చునేవాణ్ణి. చుట్టూ కుర్రాళ్లు చాటింగు చేసుకుంటుంటే, నేను ఒక ఇంగ్లీషు వెబ్‌సైటు తెరిచి, ఏ దేశంవాళ్లో అడిగిన వ్యాకరణ సందేహాలకు జవాబులు రాసేవాణ్ణి. నేను హైస్కూల్లో ఇంగ్లీషు పంతులును.

"ఏమి సార్, అందరూ ఆడపిల్లోళ్లతో చాటింగు చేసేకి వస్తాండారు. నువ్వేమో గ్రామరు చేసేకి దుడ్లిచ్చి కూర్చుంటావు," అనేవాడు సెంటరు యజమాని.

"నాకు ఇదే చాటింగప్పా," అనేవాణ్ణి.

అది అబద్ధం కాదు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది నా భార్య ఒక్కతే. ఆమె అన్నం పెట్టేది, అడిగినదానికి ఒక్క మాటలో జవాబు చెప్పేది, అంతే. ఆ మౌనానికి కారణం నాకు తెలియదని చాలాకాలం అనుకున్నాను. తెలుసుకుందామని ఎప్పుడూ అడగలేదు కూడా.

ఆ సైటులో మాత్రం నేను మహా ఓపికమనిషిని. "సిన్స్"కు "ఫర్"కు తేడా ఏమిటని అడిగినవాళ్లే మళ్లీ అడిగినా విసుక్కునేవాణ్ణి కాదు. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుక్కలూ పిల్లులూ కురవడమేమిటని ఒకరు అడిగితే, వాన మొహం సరిగా చూడని సీమలో కూర్చుని, "ఆ నుడికారం ఇప్పుడు పాతబడింది, వాన గట్టిగా పడుతోందంటే చాలు," అని రాశాను. కింద ఎవరైనా థాంక్యూ అని పెడితే ఆ రాత్రి బాగా నిద్రపట్టేది.

ఒకనాడు టర్కీ నుంచి ఒకామె రాసింది. వాళ్ల భాషలో లైటును ఆర్పరట, మూస్తారట. పనిచేసే చోట ఆమె "క్లోజ్ ద లైట్" అన్నదట. అందరూ నవ్వారట. అప్పటినుంచి ఆమె అక్కడ ఇంగ్లీషులో నోరు తెరవడం మానేసింది. ఇది అంత పెద్ద తప్పా అని అడిగింది.

వెంటనే రాయడం మొదలుపెట్టాను. ఇది తెలివితక్కువతనం కాదు, ప్రతి భాషకూ దానిదైన క్రియ ఉంటుంది, మా తెలుగులో తలుపు వేస్తాం, ఫ్యాను వేస్తాం, ముగ్గు వేస్తాం, అందుకే మావాళ్లు కొందరు ఇంగ్లీషులో "పుట్ ద డోర్" అంటారు. అక్కడిదాకా రాసి ఆగిపోయాను.

ఆ మాట అన్నది మావాళ్లు కొందరు కాదు. నా భార్య.

కొన్నేళ్ల ముందు మా వీధి చివర కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిలో చిన్నపిల్లలకు టీచరు కావాలన్నారు. ఆమె ఇంటరు చదివింది. ఆ ఉద్యోగం మీద ఆశతో వంటింట్లో కూడా తనలో తాను ఇంగ్లీషు మాట్లాడుకునేది. ఒక మధ్యాహ్నం నా తోటి పంతులు ఇంటికొచ్చాడు. బండల లారీ పోయి దుమ్ము లోపలికి కొట్టింది. మాకు టీ గ్లాసులు అందించిన ఆమె నావైపు తిరిగి, "పుట్ ద డోర్, డస్ట్ ఈజ్ కమింగ్," అంది.

"యాడ పెట్టాల? నెత్తిన పెట్టుకోనా?" అన్నాను.

ఆయన టీ ఒలికేలా నవ్వాడు. ఆమె కూడా నవ్వి, తానే పోయి తలుపు వేసింది. నేను అంతటితో ఊరుకోలేదు. మరుసటి రోజు స్టాఫు రూములో ఆమె గొంతు అనుకరించి మరీ అందరినీ నవ్వించాను. ఆ వారమే ఆమె "ఆ బడి నాకొద్దులే" అంది. బద్ధకం అనుకున్నాను.

టర్కీ ఆమెకు జవాబు పూర్తిచేసి పంపి, ఇంటికి పోయాను. భార్య బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను.

"ఆయమ్మ మాటకు నువ్వు నగలేదా?" అంది.

"లేదు."

"మొగం కనపడదు గదా. కనపడింటే నగేవాడివి."

బియ్యం చేట మీంచి తల ఎత్తకుండానే చెప్పింది. "అప్పుడు నేను ఆ బడికి ఉద్యోగం అడిగేకి పోయినా. గేటుకాడ మీ స్టాఫాయన పెండ్లాం ఎదురొచ్చె. ఆయమ్మ ఆ బళ్లోనే టీచరు. 'ఏమక్కా, తలుపు యాడ పెట్టినావు?' అనె. అట్నే తిరుక్కోని వచ్చినా."

ఆమె నోట అన్ని మాటలు విని ఏళ్లయింది.

"తప్పు నాదే. ఈ ఏడు కూడా ఆ బళ్లో టీచర్లను తీసుకుంటాండారు. నేను నేర్పిస్తా," అన్నాను.

"ఇంగ్లీషు రాక కాదు. నీ ముందర నోరు తెరిచేకే భయం నాకు," అని చేట ఎత్తుకుని లోపలికి పోయింది.

తర్వాత సెంటరుకు పోవడం తగ్గించి, సాయంత్రం త్వరగా ఇల్లు చేరేవాణ్ణి. పక్కింటామెతో గోడ మీదుగా ఆమె నవ్వుతూ, గట్టిగా మాట్లాడుతూ ఉండేది. అంత మాటకారి అని నాకు తెలియదు. నేను లోపల అడుగుపెడితే ఆ మాట ఆగిపోయేది. అందుకని బయటి అరుగు మీదే కూర్చుని, వాళ్లు మాట్లాడుకోవడం అయ్యేదాకా లోపలికి పోయేవాణ్ణి కాదు.