నిండుగా తిరిగొచ్చిన గిన్నె

మా వర్క్‌షాపులో మధ్యాహ్న భోజనానికి ఒక పద్ధతి ఉంది. పనిముట్లు పక్కకు జరిపి, బల్ల మీద పాత పేపర్లు పరిచి, అందరూ కేరియర్లు విప్పుతారు. అన్నం ఎవరిది వాళ్లదే. కూర గిన్నెలు మాత్రం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరుగుతాయి. విజయనగరం వైపు నుంచి వచ్చి బైలదిల్లా కొండ మీద ఈ ఇనుప గనిలో సగం జీవితం గడిపాను. మా ఆవిడ వండిన కూర ఏనాడూ మిగిలి రాలేదు.

కిందటేడు నా గుండెకు స్టెంట్ వేశారు. ఉప్పు బాగా తగ్గించమన్నాడు డాక్టరు. పచ్చళ్లు, వేపుళ్లు, అప్పడాలు మానేయమన్నాడు, నడవమన్నాడు. అదంతా నాకు నోటికి వచ్చు, ఎవరూ మళ్లీ చెప్పక్కర్లేదు. ఉప్పు తగ్గినా మా ఆవిడ చింతపండుతో రుచి తెచ్చేది, గిన్నె ఖాళీ అయ్యేది. ఈ ఏడు అమ్మాయి విశాఖపట్నంలో కాలేజీలో చేరింది. తోడుగా మా ఆవిడా వెళ్లింది. కొండ కింద కిరండుల్ క్వార్టర్లో నేనూ, కుక్కరూ మిగిలాం.

పొద్దున్నే ఉప్పు లేకుండా సొరకాయ కూర వండుకుని తీసుకెళ్లేవాణ్ణి. మొదట్లో అందరూ జాలిపడి తలో చెంచా వేసుకున్నారు. "బాగానే ఉంది గురూ" అన్నారు కూడా. అంటూనే నీళ్ల సీసా అందుకున్నారు. కొన్నాళ్లకు నా గిన్నె బల్ల చుట్టూ తిరిగి, వెళ్లింది వెళ్లినట్టే నిండుగా వచ్చేయడం మొదలైంది.

ఆవకాయ సీసా వచ్చిందంటే నా పక్కవాడు దాన్ని నా ముందు నుంచి అవతలి వాడికి అందించేసేవాడు. "ఆయనకొద్దురా, డాక్టరు వద్దన్నాడు." ప్రేమతోనే అనేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది. వద్దనాల్సింది నేను కదా, ఆ మాటైనా నన్ను అననివ్వరేం? సాయంత్రం మిరపకాయ బజ్జీలకు వెళ్తూ నన్ను పిలవడం కూడా మానేశారు. ఊరించడం పాపమట.

"వాళ్లకి ఉప్పేసి వేరే గిన్నెలో పట్టుకెళ్లండి, మీది మీరు తినండి" అంది ఫోన్లో మా ఆవిడ. చెప్పడం సులువే. మా బల్ల దగ్గర ఎవరూ తనకంటూ వేరే గిన్నె పెట్టుకోరు. పెట్టుకున్నవాడు వేరే బల్ల మీద కూర్చున్నట్టే లెక్క.

ఒకరోజు గుత్తివంకాయ వండి, అందులో అందరి నోటికీ సరిపడా ఉప్పు వేశాను. "డాక్టరు కొంచెం వేసుకోవచ్చన్నాడు" అని అబద్ధం చెప్పాను. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. నా వంతు కూర నేను తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పు రుచికి కాదు.

మాతో పనిచేసే ఫిట్టరు ఒకడున్నాడు, తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు భోపాల్‌పట్నం మనిషి. హిందీలో పని మాట్లాడి, నాతో తెలుగులో మనసు మాట్లాడతాడు. ఆ సాయంత్రం కొండ దిగే బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"డాక్టరు నిజంగ అన్నడా అన్నా?"

"లేదు."

"ఏందన్నా గిట్ల చేస్తవ్? రేపటి సంది ఉప్పెయ్యకు. ఎవ్వలు తినకున్నా నీ కూర నేను తింట."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. నా చప్పటి సొరకాయను అన్నంలో కలుపుకుని, మందు మింగినట్టు మొహం పెట్టి, రోజూ తిన్నాడు. పచ్చడి కూడా నంజుకునేవాడు కాదు. ఒక్క మనిషి. అంతే చాలింది నాకు. సాయంత్రాలు హుషారుగా నడిచాను. పరీక్షకు వెళ్తే బీపీ తగ్గిందన్నారు.

పోయిన వారం అతనికి షిఫ్టు మారింది. మేం కొండ దిగేవేళకు అతను ఎక్కుతున్నాడు. ఎదురొచ్చిన బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపి, నోటి దగ్గర వేళ్లు పెట్టి తిన్నావా అని సైగ చేశాడు. తిన్నానని తల ఊపాను. నా ఒళ్లో కేరియర్ బరువుగానే ఉంది.

ఆదివారం క్వార్టర్లో ఒక్కణ్ణే తినేటప్పుడు నాకు ఉప్పు గుర్తుకే రాదు. అది మా ఆవిడకు చెప్పినా నమ్మదు. వర్షం పడుతుంటే కిటికీ దగ్గర కూర్చుని చప్పటి పప్పన్నం తినేసి, గిన్నె కడిగి బోర్లిస్తాను. అలా ఎన్నాళ్లైనా ఉండగలను. సోమవారం పొద్దున స్టవ్ ముందు నిలబడితేనే చెయ్యి ఉప్పు డబ్బా మీదికి పోతుంది.

మొన్న సోమవారం వంకాయ కూరలో ఉప్పు వేశాను. మధ్యాహ్నం బల్ల చుట్టూ నా గిన్నె తిరిగింది. "ఇదీ కూరంటే!" అన్నారెవరో. గిన్నె ఖాళీ అయ్యాక ఆవకాయ సీసా వచ్చి నా ముందు ఆగింది.

నాకు వద్దని ఎవరూ అనలేదు.