తూబా ఖానుం ఇంటి అడ్డగడియ

విరిగిన తలుపు రెక్కలోని పాత మేకును నస్రుల్లా పటకారుతో పట్టి, మెలిపెట్టకుండా నిటారుగా లాగాడు. మెలిపెడితే కలప చీలుతుంది. అతను బడి గుమ్మం తొక్కలేదు. పాత తలుపులు విప్పి చూసి, మళ్లీ బిగించి, యజ్ద్ పట్నం సందుల్లో నలభై ఏళ్లుగా ఆ పనిమీదే బతుకుతున్నాడు.

ఆ తలుపు విధవరాలు తూబా ఖానుంది. ఇంట్లో ఆమె, పెళ్లికాని కూతురు, ఒక మగ్గం. మూడు రోజులుగా గుమ్మానికి దుప్పటి వేలాడుతోంది. తల్లి పడుకుంటే కూతురు కాపలా, కూతురు పడుకుంటే తల్లి. సాయంత్రంలోగా తలుపు నిలబెట్టి, లోపలి అడ్డగడియ బిగించి ఇస్తానని నస్రుల్లా మాటిచ్చాడు.

గుమ్మానికి అటో అరుగు, ఇటో అరుగు. ఒకదానిమీద వకీలు పర్తొవీ, రెండోదానిమీద మతగురువు షేక్ ఫత్హుల్లా. షా పారిపోయి ఆరు నెలలైంది. కొత్త రాజ్యాంగం ముసాయిదా పత్రికలో పడింది. ఇద్దరి ఒళ్లోనూ ఆ పత్రికే, ఇద్దరి చేతుల్లోనూ తూబా ఖానుం పంపిన టీయే.

"అనుమతి లేనిదే ఎవరింట్లోనూ అడుగు పెట్టరాదు. ఇదిగో, అచ్చులో ఉంది!" అన్నాడు వకీలు.

"'చట్టం ఒప్పుకుంటే తప్ప' అని పక్కనే ఉందిగా, అది మింగేస్తారేం? దైవశాసనం ప్రకారం నడిచే ప్రభుత్వం చెయ్యి పట్టుకుంటారా?"

"చెయ్యి వదిలేస్తే మన మెడ పట్టుకుంటుంది షేకుగారూ!"

"తప్పు చేసిన మెడైతే పట్టుకోనివ్వండి!"

"అయ్యా, ఆ చేతుల్లో ఏదో ఒకటి ఇటు ఇవ్వండి. ఈ రెక్క కాస్త పట్టుకోవాలి" అన్నాడు నస్రుల్లా.

వకీలుకు నడుం నొప్పట. షేకు నమాజుకు శుభ్రపడి ఉన్నాడు, దుమ్ము పడకూడదట. నస్రుల్లా రెక్కను మోకాలితో అదిమి తనే నిలబెట్టుకున్నాడు.

"అది సరే, ఈ తలుపు విరగ్గొట్టినవాళ్లు ఏ కడియం మోగించారో ఒక్కరైనా అడిగారా?"

ఇద్దరూ అడగలేదు. ఆ ఊళ్లో పాత తలుపులకు కుడిరెక్క మీద బరువైన ఇనప సుత్తి ఉంటుంది, మగవాళ్లు దాన్ని కొట్టాలి. ఎడమరెక్క మీది సన్నకడియం ఆడవాళ్లది. చప్పుడును బట్టే లోపలివాళ్లు ముసుగు వేసుకోవాలో అక్కర్లేదో తేల్చుకుంటారు. కొత్త ప్రభుత్వపు వీధి కమిటీ నాయకుడు ఎస్కందర్ టెహ్రానులో కరెంటు గంట నొక్కుతూ పెరిగినవాడు. దాచిన తుపాకులు వెతకడానికొచ్చి, చేతికందిన సన్నకడియం మోగించాడు. పక్కింటావిడ అనుకుని కూతురు తలమీద ముసుగు లేకుండానే తలుపు తీసింది. మగాళ్లను చూసి కెవ్వుమని మూసి గడియ వేసింది. ఎదురుతిరిగారంటూ గొడ్డలి తెప్పించి తలుపు పగలగొట్టారు. లోపల దొరికినవి రెండు కత్తెరలు.

రెక్కలు రెండూ కూర్చోబెట్టి, నస్రుల్లా అడ్డగడియ చేతిలోకి తీసుకునేసరికి ఎస్కందర్ వచ్చాడు.

"ఉస్తాద్, గడియ పెట్టకు. మళ్లీ పనిపడితే గొడ్డలి ఎవడు మోస్తాడు?"

నస్రుల్లా అరుగులవైపు చూశాడు. వకీలు పత్రికలో తల దూర్చేశాడు. షేకు జపమాల పూసలు అర్జెంటుగా తిప్పుతున్నాడు.

తలుపు వెనకనుంచి తూబా ఖానుం గొంతు వినబడింది. "అన్నా, గడియ లేని తలుపెందుకు? ఆ దుప్పటే ఉంచెయ్."

"ఉండమ్మా. బాబూ ఎస్కందర్, ఆ సుత్తి ఒకసారి కొట్టు."

ఎస్కందర్ చిరాగ్గా కొట్టాడు.

"ఎవరయ్యా? ఆగండి, చాదర్ వేసుకుని వస్తున్నా." కాసేపటికి తూబా ఖానుం నిండా ముసుగు కప్పుకుని తలుపు తీసింది.

"చూశావా? గొడ్డలి ఎక్కడా అవసరం పడలేదు. మొన్న నువ్వు మోగించింది ఆడవాళ్ల కడియం. కమిటీ మొనగాడు ఆడకడియం పట్టుకు వేలాడాడని రొట్టెల కొట్టు దగ్గర చెప్పమంటావా, గడియ బిగించమంటావా?"

ఎస్కందర్ చెవులు కందిపోయాయి. "బిగించి తగలడు!" అని వెళ్లిపోయాడు.

అతను సందు మలుపు తిరగ్గానే అరుగులకు మాటలొచ్చాయి.

"నేను అభ్యంతరం చెప్పబోతున్నా, ఇంతలో నువ్వే..." అన్నాడు వకీలు.

"శాసనంలో దయకూ చోటుంది" అన్నాడు షేకు.

"గ్లాసులు తీయండి, గుమ్మం ఊడవాలి" అన్నాడు నస్రుల్లా.

గడియ బిగించి మూడుసార్లు అటూ ఇటూ జరిపి చూశాడు. పొట్టు ఎత్తేశాడు. "ఇదిగో ఖానుం, ఇక నువ్వే వేసి చూసుకో" అని బయటికొచ్చి రెక్కలు దగ్గరికి లాగాడు. లోపల గడియ పడింది. నస్రుల్లా భుజం ఆనించి బలంగా తోశాడు. తలుపు కదల్లేదు.